విత్తనం వచ్చింది, సున్నం రాలేదు

బెంగళూరులో ఏ మాల్‌కి పోయినా మెక్సికన్ తిండి అని ఒక కౌంటర్ ఉంటుంది. అక్కడ అమ్మేది మైదా రొట్టెలో చుట్టిన కోడి ముక్కలు, కరిగిన చీజ్, దానిమీద పుల్లటి క్రీమ్. దాన్ని చూసి మన ఇళ్లల్లో పిల్లలు మెక్సికో అంటే చీజ్ అని తీర్మానం చేసుకున్నారు. ఈమధ్య అదే కౌంటర్లో ‘వీగన్’ అని ఇంకో వరస కూడా కనబడుతోంది. మాంసం, గుడ్డు మాత్రమే కాకుండా పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టని తిండిని వీగన్ అంటారు. ఈ మాటని 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన తోటివాళ్ళు పుట్టించారు. కాబట్టి చూసేవాళ్ళకి ఏమనిపిస్తుందంటే, మెక్సికో వంటలోంచి చీజూ మాంసమూ తీసేసి, ఆ ఖాళీలో ఇంకేదో పెట్టి కొత్తగా కల్పించిన తిండి ఇది అని.

చరిత్ర చదివితే కథ తిరగబడి ఉంది. చీజే కొత్తది. మనం మాల్‌లో తినే నాచోస్ అనేదాన్ని 1940లలో, అమెరికా సరిహద్దు ఊరు పియెద్రాస్ నెగ్రాస్‌లో ఇగ్నాసియో అనాయా అనే ఆయన మొదటిసారి చేశాడు. ఆ దేశపు రోజువారీ తిండికి మాత్రం వేల ఏళ్ల వయసుంది. దాంట్లో పాలు లేవు, వెన్న లేదు, వేపుడు కూడా దాదాపు లేదు. ఆ పాత తిండి ఎట్లుండేది, దానికి ఏమేమి చేరాయి, అక్కడినుంచి ప్రపంచానికి ఏమి పోయింది, ఏది పోకుండా మిగిలిపోయింది అనేదే ఈ వ్యాసం. చివర్లో మన ఇంటి సంగతి కూడా కొంచెం ఉంది.

1519కి ముందు

స్పెయిన్ నుంచి ఎర్నాన్ కోర్తెస్ మెక్సికో తీరంలో దిగింది 1519లో. అజ్టెక్కుల రాజధాని తెనోచ్‌తిత్లాన్ పడిపోయింది 1521 ఆగస్టులో. ఆ నగరం ఉన్నచోటే ఇప్పటి మెక్సికో సిటీ ఉంది. కోర్తెస్ రాకముందు ఆ సీమలో ఆవు లేదు, గేదె లేదు, మేక లేదు, గొర్రె లేదు, పంది లేదు. ఇంట్లో పెంచే జంతువులంటే టర్కీ కోడి, కుక్క, అంతే. పాడి అనే మాటే లేని చోట పెరుగూ నెయ్యీ ఎక్కడినుంచి వస్తాయి?

అట్లని వాళ్ళు శాకాహారులు అనుకోకూడదు. వీగన్ వంట మీద ప్రేమతో కొంతమంది అట్ల రాస్తారు గానీ అది నిజం కాదు. టర్కీని తిన్నారు, కుక్కని తిన్నారు, జింక, కుందేలు, చెరువు బాతు, చేప, మిడత, పురుగుల గుడ్లు, అన్నీ తిన్నారు. తేనె కూడా వాడారు. కాకపోతే మాంసం పండగకి, పెద్దల పంక్తికి. మామూలు రైతు ఇంట్లో పొద్దున, మధ్యాహ్నం గిన్నెలోకి వచ్చేది చేలో పండిందే.

ఆ చేనుకి మిల్పా అని పేరు. మొక్కజొన్న, బీన్స్, గుమ్మడి, మూడూ ఒకే చోట వేస్తారు. మొక్కజొన్న కర్ర నిలబడుతుంది, బీన్స్ తీగ దాన్ని పట్టుకుని పైకి పోతుంది, గుమ్మడి ఆకులు నేలని కప్పి తేమ ఆరకుండా, కలుపు పెరగకుండా చూస్తాయి. బీన్స్ వేళ్ళ దగ్గర ఉండే సూక్ష్మజీవులు నేలకి నత్రజని ఇస్తాయి. మన పెద్దలు రాగిచేలో అనప, కంది సాళ్ళు వేసే తెలివి ఇట్లాంటిదే. వహాకా రాష్ట్రంలో గిలా నాకిత్స్ అనే గుహలో దొరికిన గుమ్మడి గింజలకి దాదాపు 10,000 ఏళ్లని తేల్చారు. మొక్కజొన్నని తెయోసింతె అనే ఒక గడ్డి నుంచి, బల్సాస్ నది లోయలో, సుమారు 9,000 ఏళ్ల కిందట మనుషులు మచ్చిక చేసుకున్నారు. ఆ గడ్డి కంకి మన చిటికెన వేలంత కూడా ఉండదు.

గిన్నెలో కూడా ఆ మూడూ కలిసే ఉంటాయి. మొక్కజొన్న ప్రోటీన్‌లో లైసిన్ తక్కువ, బీన్స్‌లో అది ఎక్కువ. బీన్స్‌లో తక్కువైనది మొక్కజొన్నలో ఉంటుంది. సంగటికి పప్పు ఎట్లనో, ఇడ్లీలో బియ్యానికి మినప్పప్పు ఎట్లనో, ఇదీ అట్లనే. పక్కన మిరపకాయ, టమాటా, అవకాడో. అడవిలోనూ చేలోనూ వాటంతట అవే మొలిచే ఆకుకూరలన్నిటికీ కలిపి కెలితెస్ అని ఒక పేరు. మనం సొప్పు అన్నట్టే. గుమ్మడి గింజలు వేయించి నూరితే చిక్కటి పులుసు వస్తుంది, దాన్ని ఇప్పుడు పిపియాన్ అంటారు. కొవ్వు కావాలంటే ఆ గింజలోనే ఉంది, అవకాడోలో ఉంది. చాక్లెట్ కూడా పాలతో కాదు, నీళ్లతో. కకావో గింజ నూరి, నీళ్లలో కలిపి, పైనుంచి పోసి నురగ తెప్పించి తాగేవాళ్ళు. మొక్కజొన్న పిండిని నీళ్లలో కాచితే అతోలె. మన అంబలికి అక్కయ్య అనుకోండి.

స్పెయిన్ సైనికుడు బెర్నాల్ దియాస్ తెనోచ్‌తిత్లాన్ బజారులో చూసినవి రాస్తూ, చెరువు మీద తెట్టెకట్టిన ఒక పదార్థాన్ని బిళ్ళలు చేసి అమ్ముతున్నారని, దాని రుచి కొంచెం చీజ్‌లాగ ఉందని రాశాడు. అది తెకుఇత్లాత్ల్. ఇప్పుడు స్పైరులినా అని డబ్బాల్లో అమ్మే నాచు జాతిదే అది. పాలు లేకుండా చీజ్ రుచి తెప్పించాలని ఈ కాలపు వీగన్ వంటవాళ్ళు పడే తిప్పలు చూస్తే, ఈ సంగతి తలచుకుని నవ్వొస్తుంది.

వాళ్ళకీ ఉపవాసాలు ఉండేవి. ఆ రోజుల్లో వదిలిపెట్టేది ఉప్పు, మిరపకాయ. కారం లేకుండా తినడమే వాళ్ళకి పెద్ద వ్రతం. ఈ ఒక్క సంగతి చాలు, మనకీ వాళ్ళకీ ఎక్కడో చుట్టరికం ఉందనుకోవడానికి.

ఇవన్నీ మనకి ఎట్ల తెలుసంటే, 1529లో అక్కడికి వచ్చిన బెర్నార్దినో దె సాగున్ అనే క్రైస్తవ సన్యాసి, నావా పండితులని కూర్చోబెట్టుకుని దశాబ్దాల పాటు పెద్దవాళ్ళ మాటలు రాయించాడు. నావాత్ల్ భాషలోనూ స్పానిష్‌లోనూ రాసిన ఆ 12 భాగాల గ్రంథం 1577 ప్రాంతంలో పూర్తయింది. ఫ్లోరెంటైన్ కోడెక్స్ అంటారు. దాంట్లో ఎన్ని రకాల రొట్టెలు, ఎన్ని రకాల తమాలెలు, ఎవరు ఏమి అమ్మేవాళ్ళు, మంచి సరుకు ఎట్లుంటుంది, మోసం సరుకు ఎట్లుంటుంది, అన్నీ ఉన్నాయి. పెద్దవాళ్ళని అడిగి రాసిపెట్టుకోవడం ఎంత పెద్ద పనో ఆ పుస్తకం చెబుతుంది.

సున్నం

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎండిన మొక్కజొన్నని వట్టిగా పిండి పట్టించి నీళ్లు కలిపితే, ముద్ద విరిగిపోతుంది, రొట్టె సాగదు. మెక్సికో ఆడవాళ్ళు దానికి ఒక ఉపాయం కనిపెట్టారు. గింజల్ని సున్నం కలిపిన నీళ్లలో, లేకపోతే బూడిద నీళ్లలో, ఉడకబెట్టి రాత్రంతా నానబెడతారు. పొద్దున్నే కడిగితే పైపొట్టు జారిపోతుంది. ఆ తడి గింజల్ని మెతాతె అనే వాలు రాయి మీద నూరితే వచ్చే ముద్ద పేరు మాసా. మెతాతె అచ్చం మన సన్నికల్లే, మూడు కాళ్ళుంటాయి, అంతే తేడా. మాసాని చేత్తో తట్టి కొమాల్ అనే మట్టి పెనం మీద కాలిస్తే టోర్టియా. మొక్కజొన్న పొత్తు రేకుల్లో చుట్టి ఆవిరిమీద ఉడికిస్తే తమాలె.

సున్నంలో ఉడికిన గింజని నిష్తమాల్ అంటారు. నావాత్ల్‌లో నెష్త్లి అంటే బూడిద. ఈ పద్ధతికి 3,000 ఏళ్లు దాటిన ఆధారాలు ఉన్నాయి. సున్నం వల్ల ముద్ద సాగుతుంది, వాసన మారుతుంది, కాల్షియం చేరుతుంది. వీటన్నిటికంటే పెద్ద సంగతి ఇంకొకటుంది, అది కంటికి కనబడేది కాదు. మొక్కజొన్నలో నియాసిన్ అనే విటమిన్ ఉంది గానీ, అది గింజలో గట్టిగా కట్టుబడి ఉంటుంది. మన కడుపు దాన్ని విప్పలేదు. సున్నం విప్పుతుంది. నియాసిన్ అనే మాట పుట్టడానికి వేల ఏళ్ల ముందే, ఏ పుస్తకమూ లేని ఆడవాళ్ళు దాన్ని గింజలోంచి విడిపించి పిల్లలకి పెట్టారు.

విత్తనం ఒంటరిగా పోయింది

కొలంబస్ 1492లో పోయి వచ్చాక, మొక్కజొన్న విత్తనం సముద్రం దాటి యూరప్‌కి వచ్చింది. బాగా పండింది. గోధుమ కంటే చవక, దిగుబడి ఎక్కువ. ఉత్తర స్పెయిన్‌లో, ఇటలీలో బీదవాళ్ళకి అదే ముద్ద, అదే గంజి అయింది. సున్నం మాత్రం రాలేదు. ఓడలో విత్తనం ఎక్కించిన మగవాళ్ళు, వంటింట్లో నూరే ఆడవాళ్ళని అడగలేదు. వాళ్ళ లెక్కలో అది పొట్టు తీసే ఒక అనాగరిక పద్ధతి, మర ఉంటే దాని అవసరం లేదు.

1735లో స్పెయిన్‌లోని అస్తూరియాస్‌లో గాస్పార్ కసాల్ అనే వైద్యుడు బీద రైతుల్లో ఒక కొత్త రోగం చూశాడు. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు ఆగవు, తర్వాత మతి చెదురుతుంది, చివరికి చావు. 1771లో ఇటలీ వైద్యుడు ఫ్రాన్సెస్కో ఫ్రాపొల్లి దాన్ని పెలాగ్రా అనే పేరుతో వర్ణించాడు. ఆ మాటకి మొరటు చర్మం అని అర్థం. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, మొక్కజొన్న పిండీ బెల్లపు పాకమూ తప్ప వేరే తిండి లేని కూలి కుటుంబాల్లో, ఇదే రోగం లక్షల మందికి పట్టింది. అంటురోగం అనుకున్నారు. జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే ప్రభుత్వ వైద్యుడు 1914 నుంచి ఏళ్ల తరబడి తిరిగి, ఇది తిండి లోపం అని నిరూపించాడు. లోపించింది నియాసిన్ అని కాన్రాడ్ ఎల్వెహెమ్ పరిశోధనతో 1937లో తేలింది. ఇంత కాలంలోనూ, మొక్కజొన్న పుట్టిన మెక్సికోలో, మూడు పూటలా అదే తినే ఊళ్లల్లో, ఈ రోగం అంతగా లేదు. సున్నం ఉంది కాబట్టి, పక్కన బీన్స్ ఉంది కాబట్టి.

ఈ కథలో మన దక్కన్ కూడా ఉంది. తెలంగాణలో జొన్న ఒక్కటే తిని బతికే కూలీల్లో పెలాగ్రా కనబడింది. హైదరాబాదులో ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అని పిలిచే ప్రయోగశాలలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య దీనిమీద పనిచేశారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండడం దీనికి కారణం కావచ్చని 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ వాదన మీద తర్వాత చర్చలు జరిగాయి. మన వరకు తెలుసుకోవాల్సింది ఇంతే. ఏ గింజ అయినా పప్పు, ఆకుకూర తోడు లేకుండా, ఒంటరిగా పళ్లెంలోకి వస్తే, మనిషిని నిలబెట్టలేదు.

నేను చేసే పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒక యంత్రం మీద చక్కగా నడిచేది ఇంకో యంత్రం మీద పెడితే ఎందుకు పడిపోతుందో చూడడమే మా ఉద్యోగం. చాలాసార్లు కారణం ఒకటే. అసలు ప్రోగ్రామ్‌ని తెచ్చుంటారు, దాని వెనక మాట్లాడకుండా పనిచేసే ఇంకో చిన్న భాగాన్ని వదిలేసుంటారు. మొక్కజొన్నకి సున్నం అట్లాంటిది.

తోటకూర గింజకి పట్టిన గతి

మొక్కజొన్నది సున్నం మరిచిన కథ. ఇంకో గింజది కావాలని తొక్కిపెట్టిన కథ. మన తోటకూర జాతిలోనే గింజ కోసం పెంచే రకాలున్నాయి. ఇక్కడ రాజ్‌గిరా అని ఉపవాసాలకి అమ్ముతారు. దాని సొంత ఊరు మెక్సికో. నావాత్ల్‌లో వావ్‌త్లి. అజ్టెక్ రాజ్యానికి ఊళ్లు కట్టే కప్పంలో మొక్కజొన్న, బీన్స్, చియా గింజలతో పాటు ఇది కూడా గాదెల లెక్కన వచ్చేది.

ఈ గింజల పిండిని కలబంద లాంటి మాగే మొక్క పాకంతో కలిపి, దేవుళ్ళ బొమ్మలు చేసి, పూజయ్యాక ముక్కలుగా పంచుకుని తినేవాళ్ళు. ఆ ముద్ద పేరు త్సోవల్లి. క్రైస్తవ పాదరీలకి ఇది తమ చర్చిలో పంచే రొట్టెని వెక్కిరించినట్టు కనబడింది. పూజలు ఆపించారు, దానితో పాటు పంట కూడా వెనకబడింది. మొక్కజొన్న అంత పెద్ద పంట కావాల్సింది కొన్ని ఊళ్లకి, కొన్ని కొండ చేలకి కుదించుకుపోయింది. అయినా చావలేదు. మెక్సికో సిటీ దక్షిణాన తుల్యేవాల్కో అనే ఊర్లో ఇప్పటికీ గింజల్ని పేలాలు చేసి, పాకం పట్టి, బిళ్ళలు కోస్తారు. పేరు అలెగ్రియా, అంటే సంతోషం. తేనె బదులు బెల్లం పాకం వేస్తే అదే వీగన్ మిఠాయి. బెల్లం కూడా అక్కడికి చెరకుతో పాటు స్పెయిన్ వాళ్ళ వెనక వచ్చిందే. చూస్తే మన రాజ్‌గిరా చిక్కీకి కవల తమ్ముడు.

1984లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ఈ గింజ మీద పుస్తకమే వేసి, ఇది రేపటి పంట అని చెప్పింది. 400 ఏళ్ల కిందట పాపం అన్నది ఇప్పుడు ఆరోగ్యం అని ప్యాకెట్ మీద అచ్చవుతోంది.

అటునుంచి ఇటు, ఇటునుంచి అటు

మిరపకాయ 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో మనకి వచ్చింది. అంతకుముందు కారం అంటే మిరియమే. మిరియం నుంచి మిరపకాయ, కన్నడలో మెణసు నుంచి మెణసినకాయి. రెండు భాషలూ కొత్త చుట్టానికి పాత ఇంటి పేరే పెట్టుకున్నాయి. ఈ ఒక్కదాన్ని మనం మనదిగా చేసుకున్నాం. ఎండబెట్టడం, నూరడం, ఊరబెట్టడం మనకి మనమే నేర్చుకున్నాం.

అన్నిటికీ ఆ భాగ్యం లేదు. బెంగళూరు వంకాయనే తీసుకోండి. ఆంధ్రాలో మనూరి పేరు పెట్టి పిలుస్తారు గానీ అది మెక్సికో చయోతె. అక్కడ కాయతో పాటు లేత తీగ చివర్లు కూర చేస్తారు, నేలలో ఊరే గడ్డని ఉడకబెట్టి తింటారు. మన అంగళ్ళకి కాయ ఒక్కటే వస్తుంది. నాగజెముడుది ఇంకా విచిత్రం. ఆ జాతి ముళ్ళ మొక్కలు మెక్సికోలో నోపల్, ఆ దేశపు జెండా మీదనే ఉంది. లేత మట్టల ముళ్ళు చెక్కేసి, కాల్చి, ముక్కలు కోసి కూర చేసుకుంటారు. మన సీమకి దాన్ని కూరగా ఎవరూ తేలేదు. దానిమీద బతికే కొచినీల్ అనే పురుగు నుంచి ఎర్ర రంగు తీయాలని ఈస్టిండియా కంపెనీ ఆశపడింది. 18వ శతాబ్దం చివర్లో మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అనే వైద్యుడు అందుకోసం తోట కూడా వేశాడు. రంగు వ్యాపారం నిలవలేదు, ముళ్ళకంప గట్టుల మీద మిగిలింది. మన పిల్లలు దాని ఎర్రపండు తిని నాలుక రంగు చూసుకునేవాళ్ళు, అంతవరకే తెలుసు.

ఇటువైపునుంచి అటు పోయినవీ ఉన్నాయి. 1565 నుంచి 1815 దాకా ఫిలిప్పీన్స్‌లోని మనీలాకీ మెక్సికోలోని అకాపుల్కోకీ మధ్య స్పెయిన్ ఓడలు తిరిగాయి. దాల్చిన్న, మిరియం, లవంగం అట్ల ఆసియానుంచి పోయి అక్కడి వంటింట్లో చేరాయి. ఎర్ర గోంగూర కాయ మీది పుల్లటి రెక్కల్ని వాళ్ళు హమైకా పువ్వు అంటారు. మన కర్ణాటకలో పుండి, ఆంధ్రాలో గోంగూర. మనకి ఆకు ముఖ్యం, వాళ్ళకి ఆ రెక్కలు. వాటిని నానబెట్టి షర్బతు చేస్తారు. షర్బతు తీశాక మిగిలిన రెక్కల్ని ఉల్లిపాయతో వేయించి టోర్టియాలో పెట్టి తినడం ఇప్పుడు వీగన్ వంటలో బాగా పేరుపడింది.

పంది కొవ్వూ, సిగ్గూ

స్పెయిన్ వాళ్ళతో వచ్చిన పందులు, పశువులు కొద్ది దశాబ్దాల్లోనే దేశమంతా నిండాయి. వాటితో కొవ్వు, వేపుడు, చీజ్, క్రీమ్ వచ్చాయి. తమాలె పిండిలో పంది కొవ్వు కొట్టి కలపడం, ఉడికిన బీన్స్‌ని అదే కొవ్వులో మెదపడం అప్పటినుంచి మొదలైన పద్ధతులు. ఇప్పుడు అవి లేకుండా మెక్సికో వంట ఊహించలేం అంటారు. నిజమే, 500 ఏళ్లు తక్కువ కాలం కాదు, అదీ వాళ్ళ సంప్రదాయమే. మోలె పోబ్లానో అనే పెద్ద పులుసులో రెండు లోకాలూ కలిసి ఉన్నాయి. ఎండు మిరపకాయలు, టమాటా, చాక్లెట్, వేరుశనగ అక్కడివి. నువ్వులు, బాదం, దాల్చిన్న, లవంగం బయటివి. దాంట్లో కొవ్వు బదులు నూనె, టర్కీ నీళ్ల బదులు కూరగాయల నీళ్లు పోస్తే వీగన్ మోలె. పులుసు తత్వం మారదు, దాన్ని నిలబెట్టేది మిరపకాయా గింజలే.

వస్తువులతో పాటు సిగ్గు కూడా వచ్చింది. గోధుమ రొట్టె దొరల తిండి, మొక్కజొన్న రొట్టె ఇండియన్ల తిండి అయింది. 1899లో ఫ్రాన్సిస్కో బుల్నెస్ అనే మెక్సికో రాజకీయవేత్త ఏకంగా పుస్తకం రాసి, మనుషుల్ని గోధుమ జాతి, వరి జాతి, మొక్కజొన్న జాతి అని మూడుగా విడగొట్టి, గోధుమ తినేవాళ్ళే ముందుకి పోతారు అన్నాడు. మనకి ఇది కొత్త మాట కాదు. రాగి సంగటి తినేవాళ్ళు తక్కువ, వరన్నం తినేవాళ్ళు ఎక్కువ అని చుట్టాలొచ్చిన రోజు ముద్ద దాచిపెట్టి బియ్యం వండిన ఇళ్లు మన కోలారు వైపు ఎన్ని లేవు? ఇప్పుడు అదే రాగిని ఐటీ క్యాంటీన్లో ఎక్కువ ధరకి అమ్ముతున్నారు. అమ్మేది రాగిని, మర్చిపోయింది ఆ సిగ్గుని.

ఈనాటి వీగన్ వంటలో రెండు దారులు

మెక్సికో పేరు చెప్పి చేసే వీగన్ వంటల్లో ఇప్పుడు రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి మార్పిడి దారి. మాంసం బదులు సోయా, చీజ్ బదులు జీడిపప్పు ముద్ద, వేళ్లతో చీల్చిన పంది మాంసం బదులు మన పచ్చి పనసకాయ. మన పనస అంత దూరం పోయి ఆ వేషం కట్టిందంటే సంతోషమే. రుచిగా ఉంటే తినొచ్చు, తప్పేమీ లేదు. కానీ ఈ దారిలో మాల్‌లోని వంటే అసలు నమూనా. చీజ్ ఉన్న స్థానం అట్లనే ఉంటుంది, దాంట్లో కూర్చునేది మారుతుంది.

రెండోది వెనక్కి పోయి వెతికే దారి. అమెరికాలో ఉండే మెక్సికన్ మూలాల ఆచార్యులు లూస్ కాల్వో, కత్రియోనా రువేదా ఎస్కిబెల్ 2015లో ‘డీకాలనైజ్ యువర్ డైట్’ అనే వంట పుస్తకం తెచ్చారు. బీన్స్, నోపల్, కెలితెస్, గుమ్మడి, నిష్తమాల్ మీద నిలబడిన పుస్తకం అది. తమ అవ్వల చేతి వంటే మందు అనేది దాని వాదన. ఈ దారిలో దేన్నీ ఏదానికీ బదులు పెట్టే పని లేదు. 1519కి ముందు నుంచీ ఉన్న గిన్నెనే మళ్లీ పొయ్యిమీద పెడతారు.

ఇది వట్టి పాత మోజు కూడా కాదు, పంట రాజకీయం ఉంది. 1994లో అమెరికా, కెనడాలతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చాక, అమెరికా మొక్కజొన్న చవగ్గా వచ్చిపడింది. చిన్న రైతులు ఇంటి విత్తనం వదిలి పట్నాలకి, సరిహద్దు అవతలికి పోయారు. 2007లో ‘మొక్కజొన్న లేనిదే దేశం లేదు’ అనే పేరుతో ఉద్యమం మొదలైంది. 2010లో యునెస్కో మెక్సికో సంప్రదాయ వంటని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. అందుకు నమూనాగా చూపించింది మిచోవకాన్ రాష్ట్రపు ఊరి వంటని. ఆ నిర్ణయంలో పేరుపెట్టి చెప్పిన వాటిలో మిల్పా ఉంది, నిష్తమాల్ ఉంది, రుబ్బే రాళ్ళున్నాయి. 2025 మార్చిలో జన్యుమార్పిడి మొక్కజొన్న సాగు దేశంలో కుదరదని రాజ్యాంగంలోనే రాసుకున్నారు.

నూరే శ్రమ సంగతి కూడా చెప్పాలి. ఒక కుటుంబానికి సరిపడా మాసా నూరడానికి ఆడమనిషికి రోజూ గంటలు గంటలు మోకాళ్ళ మీద కూర్చోవాల్సి వచ్చేది. 20వ శతాబ్దంలో ఊళ్లోకి నిష్తమాల్ మర వచ్చినప్పుడు ఆడవాళ్ళకి దొరికింది నిద్ర. కాబట్టి పాతదాన్ని మెచ్చుకునేటప్పుడు, సన్నికల్లు ముందు వంగినవాళ్ళ నడుం నొప్పిని మెచ్చుకోవడం ఎవరికీ వద్దు. కాపాడాల్సింది సున్నం తెలివి. నూరడానికి గ్రైండర్ ఉంది.

మన పొయ్యి మీద

మనింట్లో చేయాలంటే ఇట్ల. స్వీట్ కార్న్ పనికిరాదు, ఎండిన గట్టి మొక్కజొన్న కావాలి, కోళ్ళ దాణా అంగడిది కాదు, మనుషులు తినే సరుకు. కిలో గింజకి మూడు లీటర్ల నీళ్లు, 10 గ్రాముల సున్నం. తినడానికి పనికొచ్చే, వాసన కలపని తాంబూలం సున్నం తీసుకోండి, గోడకి వేసేది వద్దు. అల్యూమినియం గిన్నె సున్నానికి పాడవుతుంది, స్టీలుది పెట్టండి. అర్ధ గంట నుంచి ముప్పావు గంట సన్న సెగమీద ఉడకనిచ్చి, మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున బాగా రుద్ది రెండు మూడు సార్లు కడిగితే పొట్టు పోతుంది. నీళ్లు ఎక్కువ పోయకుండా గట్టిగా రుబ్బి, తడిగుడ్డ కప్పి కొంచెంసేపు ఉంచి, రొట్టె తట్టండి. కాలుతున్నప్పుడు వచ్చే వాసన వట్టి మొక్కజొన్న రొట్టెకి ఎప్పుడూ రాదు.

తోడుకి రాజ్మా. దాని మూలం కూడా మెక్సికో వైపే. నానబెట్టి, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పుతో మెత్తగా ఉడికించండి, మసాలా ఏదీ వద్దు. కారానికి వాళ్ళ గువహీయో మిరపకాయ ఇక్కడ దొరకకపోతే బ్యాడగి చాలు. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ, రెండూ ఒకే స్వభావం. గింజలు తీసి, పెనం మీద మాడకుండా వేడిచేసి, నానబెట్టి, కాల్చిన టమాటాతో నూరండి. ఆకుకి తోటకూర వేయించండి. గుమ్మడి గింజల పొడి పైన చల్లండి. పాలు లేని లోటు ఎక్కడుందో వెతికి చూడండి.

ఈ మొత్తం చరిత్రలో నన్ను వదలని సంగతి మొదట చెప్పిన సున్నమే. మనవాళ్ళు తరాల కిందట ఈ కన్నడ సీమకి వచ్చినప్పుడు తెలుగు మాట వెంట వచ్చింది, తెలుగు బడి రాలేదు. నేను పదో తరగతి దాకా కన్నడ మీడియంలో చదివి, తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. మన ఇంటి వంటలూ అట్లనే ప్రయాణం చేస్తున్నాయి. అవ్వలని ఫోన్లో అడిగి ఏమేమి వేయాలో జాబితా రాసుకుంటున్నాం. రాగిని మొలకెత్తించి ఎండబెట్టాకే ఎందుకు విసురుతారు, ఉలవలు ఉడికించిన నీళ్లు పారబోయకుండా చారుకి ఎందుకు దాస్తారు, అని అడగడం లేదు. జాబితాలో విత్తనం వస్తుంది, సున్నం రాదు.

ఈసారి సంక్రాంతికి ఊరికి పోయేవాళ్ళు పెద్దవాళ్ళ పక్కన కూర్చుని ఆ ‘ఎందుకు’లని అడిగి రాసుకురండి. సాగున్ చేసింది అదే పని. ఆయన చేసింది ఓడిపోయినవాళ్ళ దగ్గర. మనకి ఆ అవసరం రాకముందే అడగొచ్చు.